మైనారిటీ తీరిన రోజు

మార్చి ముప్ఫై ఒకటో తారీకున కోడి కూయకముందే భూలక్ష్మి లేచి కూర్చుంది. ఇంట్లో పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. అయినా రాత్రంతా ఆవిడకు కంటి మీద కునుకు లేదు. ఈరోజుతో వాణికి పద్దెనిమిదేళ్ళు నిండుతాయి. వాణి కోసం మూడేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్న బీమా ప్లాను కూడా ఈరోజుతోనే ఆగిపోతుంది. నిన్నటిదాకా పిల్ల మైనరు, రేపటినుంచి ప్లాను ఉండదు. మధ్యలో దేవుడు దయతలిచి ఒక్కటంటే ఒక్క రోజు ఇచ్చాడు. అదీ ఎలాంటి రోజు? లెక్కల సంవత్సరానికి ఆఖరిరోజు. అమలాపురం బీమా ఆఫీసులో కాలు పెట్టే సందుండదనీ, సాయంత్రం అయిదింటికి కౌంటరు మూసేస్తే తను చెయ్యగలిగిందేమీ లేదనీ ఏజెంటు గంగబాబు వారంరోజులుగా ఫోన్లో ఊదరగొడుతున్నాడు.

ఒక్క బీమా కాగితానికి ఇంత హంగామా ఏమిటని మీకు అనిపించవచ్చు. పలివెలలో చాలామందికి అనిపించింది కూడా. వాళ్ళకేం, వాళ్ళ పిల్లల కాగితాల మీద వాళ్ళు దర్జాగా సంతకాలు పెట్టుకుంటారు.

వాణి భూలక్ష్మి కన్న పిల్ల కాదు. కన్నతల్లి ఉమామహేశ్వరి పిల్లకు రెండేళ్ళు నిండకుండానే జ్వరంతో పోయింది. మరుసటి ఏడు ఆంజనేయప్రసాద్ భూలక్ష్మిని చేసుకున్నాడు. కొత్తకోడలు గుమ్మంలోకి వచ్చిన రోజే అత్తగారు భవానీదేవి పిల్లచేత "పిన్నీ" అని పిలిపించింది. పోయిన కోడలి చోటు అలాగే ఉండాలని ఆవిడ తాపత్రయం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. భూలక్ష్మి పట్టలేదు కూడా. పిన్నీ అంటూనే ఆ పిల్ల ఆవిడ కొంగు పట్టుకుని పెరిగింది, ఆవిడ పక్కలోనే పడుకుంది, అలిగినా ఆవిడ మీదే అలిగింది.

ఆంజనేయప్రసాద్ మంచివాడే గాని ప్రతిదానికీ "చూద్దాంలే" అనే మనిషి. గంగబాబు పాలసీ కాగితాలు పట్టుకుని ఎన్నిసార్లు వచ్చినా కాఫీ ఇచ్చి, కబుర్లు చెప్పి, సంతకం వచ్చేనెల పెడతానని పంపేసేవాడు. ఒక మధ్యాహ్నం అరటితోటలో గెలలు దిగిన చెట్లకు వెదురుగెడలు కడుతూ గుండె పట్టుకుని కూలిపోయాడు. అప్పటికి వాణికి పద్నాలుగేళ్ళు. సంతకం కాని దరఖాస్తు గంగబాబు సంచిలోనే ఉండిపోయింది.

భూలక్ష్మి ఏడుస్తూ కూర్చోలేదు. తోట తనే చేతిలోకి తీసుకుంది. మోపెడ్ నడపడం నేర్చుకుంది, గెలలు కొట్టించి రావులపాలెం మార్కెట్టుకు ఎత్తించడం నేర్చుకుంది, అక్కడ బేరగాళ్ళతో నోరు చేసుకోవడమూ నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి తన కష్టంతో వాణి పేర పాలసీ కట్టాలని పట్టుబట్టింది. ఆయనలా చూద్దాంలే అనుకుంటే ఏమవుతుందో కళ్ళారా చూసిన మనిషి. పిల్ల చదువైపోయేసరికి చేతికి కాస్త అందితే ఎవరి ముఖమూ చూడనక్కర్లేదని ఆవిడ ఆలోచన.

ఆ పని మీద వాణిని వెంటబెట్టుకుని అమలాపురం ఆఫీసుకు వెళ్ళినప్పుడే ఆ అవమానం జరిగింది. అవమానమంటే ఎవరో తిట్టారని కాదు. అప్పటి అధికారి చాలా మర్యాదస్తుడు. కుర్చీ కూడా వేయించాడు. అమ్మాయికి మీరేమవుతారని అడిగాడు. భూలక్ష్మి "అమ్మనండి" అంది. ఆయన పుట్టినతేదీ సర్టిఫికెట్టు చూసి, ఇందులో తల్లి పేరు ఉమామహేశ్వరి అని ఉందేమిటన్నాడు. సంగతి విన్నాక రూలు చెప్పాడు. మైనరు పిల్లకు పాలసీ తీసుకోవాలంటే దరఖాస్తు మీద కన్నతల్లో తండ్రో సంతకం పెట్టాలి, ఇద్దరూ లేకపోతే కోర్టు నియమించిన సంరక్షకులు పెట్టాలి, పెంచుతున్నంత మాత్రాన పెట్టిన సంతకం చెల్లదు. పోనీ మామ్మగారు పెడతారంటే ఆవిడ వయసు దాటిపోయింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు మెడలు చాపి మరీ విన్నారు. భూలక్ష్మి "ఆయ్" అని తలూపి, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. పక్కనే నిలబడిన వాణి అంతా విన్నది. ఇల్లు చేరేదాకా బస్సులో వాణి కిటికీవైపే తిరిగి కూర్చుంది.

కోర్టుకు వెళ్దామంటే భవానీదేవి ససేమిరా అంది. ఇంటి పిల్లను ఇంట్లో పెంచుకోవడానికి జడ్జిగారి సెలవెందుకని ఆవిడ ప్రశ్న. ఇక మిగిలింది ఒక్కటే దారి. పద్దెనిమిది నిండితే ఎవరి సంతకమూ అక్కర్లేదు, పిల్ల సంతకమే చాలు. భూలక్ష్మి ఆ రోజు కోసం కాచుకుంది. కాని ఆఫీసులో గుచ్చుకున్న ముల్లు మాత్రం లోపలే ఉండిపోయింది. వాణి స్కూలు ప్రోగ్రెస్ కార్డుల మీద ఏటేటా సంతకాలు పెట్టింది తనే. అక్కడ మీరేమవుతారని అడిగినవాళ్ళు లేరు, ఆ సంతకాలను లెక్కచేసినవాళ్ళూ లేరు. చెల్లుబాటయ్యే కాగితం ఒక్కదాని మీదైనా ఆ పిల్ల పేరు పక్కన తన పేరు ఉండాలని ఆవిడకు గొప్ప ఆశ. చెబితే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

వాణి సంబరం వాణిది. ఇంటరు పరీక్షలు అయిన దగ్గర్నుంచీ ఆ పిల్లకు ఒకటే పని, సంతకం ప్రాక్టీసు. ఇంగ్లీషులో మొదటి అక్షరానికి కొమ్ములు పెట్టింది, చివరి అక్షరానికి తోక తగిలించింది, తోక కింద రెండు చుక్కలు పొడిచింది. కేలండరు వెనక, అరటాకు మీద, ఆఖరికి నిద్రపోతున్న మామ్మ అరచేతిలో కూడా పెట్టి చూసుకుంది. ఏ రెండు సంతకాలూ ఒకలా వస్తే ఒట్టు.

ముందురోజు సాయంత్రం గంగబాబు వచ్చి దరఖాస్తు అంతా నింపిపెట్టాడు. పాలసీదారుకు ఏదైనా అయితే డబ్బు అందుకునే నామినీగా ఎవర్ని రాద్దామన్న మాట వచ్చింది. మామ్మగారి పేరు రాస్తే ఏ గొడవా ఉండదని అతనే అన్నాడు. భూలక్ష్మి సరేనంది. ఇంకేమంటుంది? సంతకం మాత్రం పుట్టినరోజు నాడే పెట్టించాలనీ, పొద్దున్నే వస్తాననీ చెప్పి వెళ్ళాడు. పొద్దున్నే వస్తానన్న మనిషి రెండున్నర దాటాక చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆఫీసులో జాతరలా ఉందట, ఆన్‌లైన్ సర్వరు ఉదయాన్నే చేతులెత్తేసిందట. వాణి కొత్త చుడీదారులో, కొత్త పెన్నుతో పొద్దుటినుంచీ సిద్ధంగానే ఉంది. దరఖాస్తు ఏదమ్మా అని గంగబాబు అడిగితే, దేవుడి దగ్గర పెట్టానని భవానీదేవి లేచి వెళ్ళి తెచ్చిచ్చింది.

భవానీదేవి పద్ధతి గల మనిషి. శుభలేఖ కానీండి, కొత్త బండి కానీండి, స్థలం దస్తావేజు కానీండి, పసుపు పెట్టందే గడప దాటనివ్వదు. మనవరాలి మొదటి కాగితాన్ని వట్టిగా వదులుతుందా? తడిపసుపు బొటనవేలితో తీసి నాలుగు మూలలా అద్దింది. కిందివైపు ఒక గడి బోసిగా కనిపిస్తే, పాపం దానికెందుకు లోటని అక్కడ ఇంకాస్త దండిగా అద్ది, పైన కుంకుమ కూడా పెట్టింది. అది వాణి సంతకం పెట్టాల్సిన గడి.

గంగబాబు కాగితం చేతిలో పట్టుకుని ఆ గడిని వేలితో తడిమి చూశాడు. తర్వాత నెమ్మదిగా విడమరిచాడు. సంతకం గడిలో బొటనవేలు పడితే అది వేలిముద్ర దరఖాస్తు అవుతుంది. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేస్తారు, దానికి చదివి వినిపించానని ఇంకొకరు సాక్షి సంతకం పెట్టాలి. ఇక్కడ ఇంటరు చదివిన పిల్ల పేరు మీద డెబ్భై ఏళ్ళావిడ వేలు పడింది. ఈ కాగితం చూస్తే ఆఫీసులో తన ఏజెన్సీ కూడా ఊడబెరుకుతారు. భవానీదేవి చెక్కుచెదరలేదు.

"పసుపు పెట్టకుండా ప్రాణం మీద కాగితం రాస్తారటయ్యా ఎవరైనా?" అంది.

గంగబాబు సంచి బోర్లించి వెతికాడు. ఆ ప్లాను ఫారం ఇంకొకటి లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకటో రెండో ఉన్నాయన్నారు. తను ముందుపోయి ఒకటి పట్టి ఉంచుతానని బండి ఎగిరిపడేలా తన్ని వెళ్ళిపోయాడు. భూలక్ష్మి అప్పటికే చీర కుచ్చెళ్ళు ఎగదోపి మోపెడ్ బయటికి లాగేసింది. వెనక ఇంకా గెలల తాళ్ళు వేలాడుతున్నాయి. వాటిమీదే వాణి ఎక్కి కూర్చుంది.

కొత్తపేట దాటారు, ముక్కామల దాటారు. బండి గట్టిగా మూలుగుతోంది, చున్నీ గాలికి జెండాలా ఎగురుతోంది. భూలక్ష్మికి భయం వెయ్యడం లేదు, భయపడే తీరిక లేదు. పైగా చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఒంట్లో ఏదో హుషారు పొంగుతోంది. మూడేళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్న పనికి ఇవాళ కాళ్ళొచ్చాయి. వెనకనుంచి వాణి ఇంకా తొందరగా, ఇంకా తొందరగా అని వీపు మీద చరుస్తోంది. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడి వెనక్కీ ముందుకీ కదలనంటోంది. భూలక్ష్మి రావులపాలెం మార్కెట్టు గొంతు బయటికి తీసింది. డ్రైవరు ఉలిక్కిపడి దిగాడు, క్లీనరు రోడ్డంచున దింపిన కాయలరాశిని పక్కకు తోశాడు, ఆ సందులోంచి మోపెడ్ చేపపిల్లలా జారుకుంది. కాలవగట్టెక్కేసరికి ఇద్దరికీ ఎందుకో నవ్వు ఆగలేదు.

ఆఫీసు చేరేసరికి నాలుగు దాటింది. మెట్ల మీదినుంచే జనం. గంగబాబు తెల్లటి ఫారాన్ని తలపైకెత్తి పట్టుకుని, పెళ్ళిపందిట్లో తప్పిపోయినవాడిలా వెతుక్కుంటున్నాడు. ఇదే ఆఖరిదన్నాడు. ఇంకో నలుగురు ఖాతాదారులు అతని చొక్కా పట్టుకుని లాగుతున్నారు. పాతదాన్లో ఉన్నట్టే నింపెయ్యమ్మా అని వాణి చేతిలో పెట్టి మాయమయ్యాడు. వాణి మెట్టు మీద కూలబడి, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఎవరూ తగలకుండా భూలక్ష్మి చేతులు చాపి అడ్డం నిలబడింది. పిల్ల ఏం రాస్తోందో చూడలేదు, గోడగడియారాన్నే చూస్తోంది.

కౌంటరులో జాస్మిన్ అనే అధికారిణి కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. పొద్దుటినుంచీ లేవని మనిషిలా ఉంది గాని మాటలో విసుగు లేదు. ఆధార్ తీసి పుట్టినతేదీ చూసి, ఇవాళే మైనారిటీ తీరిందా అని నవ్వి శుభాకాంక్షలు చెప్పింది. సంతకం ఎన్నిచోట్ల పెట్టినా ఒక్కలాగే ఉండాలనీ, ముందు చిత్తుకాగితం మీద పెట్టి చూపించమనీ అంది. వాణి ఊపిరి బిగబట్టి కొమ్ములూ తోకా పెట్టింది. రెండోసారి పెట్టేసరికి తోక పొడుగైంది. మూడోసారికి చుక్కలు మూడయ్యాయి. రేపు నువ్వే వచ్చి నేనే వాణిని అన్నా మాకు నమ్మకం కలగదమ్మా అని జాస్మిన్ తల ఊపింది. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వాణి చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను గట్టిగా పట్టుకుని, రెండో క్లాసు కాపీరైటింగులో రాసినట్టు తెలుగులో తన పేరు రాసింది. రెండోసారీ అలాగే వచ్చింది. జాస్మిన్ సరేనంది. ఇంగ్లీషు ఫారం మీద తెలుగు సంతకం కాబట్టి వివరాలన్నీ అర్థమయ్యాయని సొంత చేత్తో రాయించి, అన్నిచోట్లా సంతకాలు తీసుకుంది. భూలక్ష్మి అమ్మయ్య అనుకుంది.

అప్పుడు జాస్మిన్ వేలు నామినీ గడి దగ్గర ఆగింది. ఆ గడిలో మామ్మ పేరు లేదు. భూలక్ష్మి అని ఉంది. పక్కన బంధుత్వం అన్నచోట, తల్లి.

భూలక్ష్మి ఆ గడిని అప్పుడే చూసింది. ఒళ్ళంతా జల్లుమంది. ఆ సంతోషం గుండె దాకా వచ్చేలోగానే, జాస్మిన్ సర్టిఫికెట్టు తీసి ఆ పేరూ ఈ పేరూ పక్కపక్కన పెట్టి చూడటం కనిపించింది. తల్లి పేరు వేరే ఉందే అని ఆవిడ మెల్లగా అడిగింది. మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ వెనకాల అవే మెడలు. గడియారంలో పెద్దముల్లు పైకి ఎగబాకుతోంది. ఈ మాట కోసం పేచీ పడితే ప్లాను చేజారిపోతుంది. భూలక్ష్మి కౌంటరు అంచు పట్టుకుంది.

"సవతి తల్లి అని రాసుకోండమ్మా. నిజం అదేనండి. నాకేం ఫరవాలేదండి" అంది.

జాస్మిన్ పెన్ను వాణి ముందుకు జరిపింది. తల్లి అన్న మాట కొట్టేసి పైన సవతి తల్లి అని రాయాలనీ, కొట్టివేత పక్కన నువ్వు సంతకం పెట్టాలనీ, నీ సంతకం లేకపోతే కొట్టివేత చెల్లదనీ చెప్పింది. వాణి పెన్ను ముట్టుకోలేదు.

"నేను కొట్టెయ్యనండి" అంది.

భూలక్ష్మి గబుక్కున పిల్ల పక్కకు జరిగింది. వంగి పిల్ల చెవిలో బతిమాలింది. మొండితనానికి ఇది సమయం కాదని, ఒక్క మాటలో ఏముందని, మూడేళ్ళు ఎదురుచూసిందంతా గంగపాలు చెయ్యకని అంది. వాణి ఆవిడ వైపు తిరగలేదు. జాస్మిన్ వైపే చూస్తూ మాట్లాడింది.

"మూడేళ్ళ కిందట ఇక్కడే పిన్నిని అడిగేరండి, నాకేమవుద్దని. నన్నెవరూ అడగలేదండి, నేను మైనర్నని. ఇవాళ నన్నడగండి."

గంగబాబు ఎక్కడినుంచో తోసుకుంటూ వచ్చి, అయిపోతోంది మేడమ్ అనబోయి, వాణి ముఖం చూసి మింగేశాడు. భూలక్ష్మి మాత్రం గడియారం వైపు చూడటం మానేసింది. ఈ పిల్ల ఆ రోజు బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. భూలక్ష్మి తనొక్కతే బాధపడుతున్నాననుకుంది గాని, పక్కన కూర్చున్న పిల్ల ఆ మాటను మూడేళ్ళు మోసిందని ఆవిడకు ఇప్పటిదాకా తెలియదు.

జాస్మిన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కోపం లేదు. నామినీ ఎవరన్నది నీ ఇష్టమే గాని, కాగితానికీ కాగితానికీ పొంతన లేకపోతే రేపు ఇబ్బంది పడేది మీరేనంది. డ్రాయరు లాగి ఒక తెల్లకాగితం ఇచ్చింది.

"ఈవిడ నీకేమవుతారో నీ చేత్తో రాసి సంతకం పెట్టమ్మా. దరఖాస్తుకు జతచేస్తాను. ఉన్నది ఉన్నట్టు రాయి, ఏమీ దాచకు."

వాణి నిలబడే రాసింది. నాలుగైదు వాక్యాలు. కింద తెలుగు సంతకం పెట్టి కాగితాన్ని భూలక్ష్మి వైపు తిప్పింది. భూలక్ష్మికి అక్షరాలు ఒకదానిలోంచి ఒకటి అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చదివింది.

"నన్ను కన్న తల్లి ఉమామహేశ్వరి గారు. నాకు రెండేళ్ళు నిండకముందే పోయారట. ఆవిడ నాకు గుర్తులేరు. నాకు గుర్తున్నప్పటినుంచీ ఉన్న తల్లి భూలక్ష్మి. పిన్నీ అని పిలవమని మామ్మ నేర్పింది కాబట్టి అలా పిలుస్తాను. పిలుపు వేరు."

జాస్మిన్ దాన్ని తీసుకుని సర్టిఫికెట్టు పక్కన పెట్టి చదివింది. తర్వాత కాగితాన్ని మళ్ళీ ఇటు జరిపింది. ఈ విడి కాగితం మీద మీరూ సంతకం పెట్టాలండి, ఇందులో రాసింది నిజమేనని, అంది. భూలక్ష్మి పెన్ను తీసుకుంది. మార్కెట్టులో చీటీల మీద చకచకా సంతకాలు గీకే చెయ్యి అది. ఇప్పుడు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. వాణి కాగితం జరక్కుండా రెండు మూలలూ అదిమి పట్టుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, వాణి పేరుకు ఆనుకుని, భూలక్ష్మి తన పేరు రాసింది. స్టాంపు దబ్బున పడింది. వెనకాలే అటెండరు షట్టరు దించే కొక్కెం పట్టుకుని వచ్చాడు.

వెనక వరసలో ఉన్న ఒక పెద్దాయన చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోవడంతో చెయ్యి దించేసుకున్నాడు. గంగబాబు మాత్రం రసీదు పట్టుకుని గాల్లో ఊపాడు. భూలక్ష్మికి అందరికీ ఏదో చెప్పాలని ఉంది. జాస్మిన్‌కు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, జనాన్ని తోసుకుంటూ బయటికి వచ్చింది. మెట్ల మీద ఎండ ఇంకా చురుక్కుమంటోంది. మోపెడ్ ఎక్కడ పెట్టిందో ఆవిడకు గుర్తు రాలేదు.

"పిన్నీ, ఆకలేస్తంది. పొద్దుటినుంచీ ఏం తినలేదు" అంది వాణి.

భూలక్ష్మికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెండూ ఆపుకోలేదు. పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసి, ఎదురుగా కనిపించిన హోటల్లోకి తీసుకెళ్ళింది.